ఆకును అడిగే ముందు

చిరంజీవి అమ్మలుకు,

ఉత్తరం చేరింది. కాలుష్యం కొలిచే యంత్రం దొరకలేదని, చేసేదిలేక రోడ్డు పక్క చెట్ల ఆకులతో ప్రాజెక్టు చేస్తున్నానని రాశావు. అందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. యంత్రం నడిచినంత సేపు వీచిన గాలి సంగతే యంత్రం చెబుతుంది. ఆకు చిగురించిన నాటి నుంచి నువ్వు కోసే పూట దాకా రాత్రింబవళ్లు అక్కడే ఉంటుంది. అయితే దాన్ని అడగడం తెలియాలి.

ముందు, ఆకుకు ఏది ఏ దారిన చేరుతుందో విడదీసి చూడు. దుమ్మూ, బ్రేకులు అరిగి రాలే ఇనుప రేణువులూ పైన కూర్చుంటాయి. ఆ రేణువుల వల్ల ఆకుకు వచ్చే అయస్కాంత గుణాన్ని కొలిచి, ఏ వీధిలో వాహనాల పొగ ఎక్కువో పటాలు గీసినవారు కూడా ఉన్నారు. ఆకు మీద మైనపు పూత ఉంటుంది కదా, నీటిలో కరగక కొవ్వులో కరిగే రసాయనాలు దానిలోకి ఇంకుతాయి. పురుగుమందైన డీడీటీ, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెల్లో వాడిన పీసీబీలు, చెత్త కాల్చినప్పుడు పుట్టే డయాక్సిన్లు ఈ కోవలోవే. సల్ఫర్ డయాక్సైడ్, ఓజోన్ వంటి వాయువులు పత్రరంధ్రాల గుండా, అంటే ఆకు గాలి పీల్చే సన్నని రంధ్రాల గుండా, లోపలికి దిగుతాయి.

నాలుగో దారి వేళ్లది. చాలామంది మరిచిపోయేది దాన్నే. ఆస్ట్రేలియాలోని కాల్గూర్లీ ప్రాంతంలో యూకలిప్టస్ ఆకుల్లో బంగారు రేణువులు ఉన్నాయని 2013లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. అది గాలిలో ఎగిరి వచ్చిన బంగారం కాదు, 30 మీటర్లకు పైగా లోతు నుంచి వేళ్లు తోడి తెచ్చినది! కాబట్టి ఆకులో సీసమో కాడ్మియమో కనబడగానే వాహనాల మీద నేరం మోపకు. కోసిన ఆకుల్లో సగం కడిగి, సగం కడగకుండా పరీక్ష చేయించు. ఆ తేడా పైకి పట్టిన దుమ్ముది, మైనంలో కూరుకున్నది కడిగినా పోదనుకో. చెట్టు మొదట్లోని మట్టి కూడా ఒక గుప్పెడు తీసుకో.

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది పైన్ చెట్టు. దాని సూదిలాంటి ఆకును భూతద్దం కింద పెడితే పొడుగునా సన్నని తెల్లటి చుక్కల వరసలు కనిపిస్తాయి. మైనం పేరుకున్న పత్రరంధ్రాలే అవి. ఆ ఆకులు ఏటా రాలిపోవు. జాతిని బట్టి రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం కొమ్మనే ఉంటాయి. కొమ్మ చివర ఉన్నవి ఈ ఏటివి, వాటి వెనక నిరుటివి, ఆ వెనక ముందటేటివి. ఒక్క కొమ్మ తుంచితే మూడేళ్ల లెక్క చేతికి వస్తుంది. జర్మనీ 1985 నుంచి ఒక పర్యావరణ నమూనాల భాండాగారాన్ని నడుపుతోంది. అందులో పైన్, స్ప్రూస్ రెమ్మలను, బీచ్, పాప్లార్ ఆకులను పొడి చేసి, ద్రవ నైట్రోజన్ చలిలో భద్రపరుస్తారు. ఈనాడు ఎవరూ పట్టించుకోని రసాయనం ఏదైనా ఇరవై ఏళ్ల తర్వాత ప్రమాదమని తేలితే, ఆ పాత ఆకులను బయటికి తీసి చూడవచ్చు. ప్రభుత్వాలకు ఇంత ముందుచూపు ఉండడం అరుదు.

చెట్టు బెరడూ ఇలాంటి పనికే వస్తుంది. 1995లో ప్రచురితమైన ఒక పరిశోధనకు ప్రపంచంలో 90 చోట్ల నుంచి 200కు పైగా బెరడు నమూనాలు తెచ్చారు. ఒకప్పుడు బూజు మందుగా వాడిన, సులువుగా ఆవిరయ్యే హెక్సాక్లోరోబెంజీన్ వంటివి వేడి ప్రాంతాల నుంచి చలి ప్రాంతాలకు తరలిపోతున్నాయని, ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు వంటివి వాడిన చోటి దగ్గరే ఎక్కువగా ఉండిపోతున్నాయని ఆ బెరడే చెప్పింది.

కంటికి కనిపించే గుర్తుల గురించి అడిగావు. ఓజోన్ దెబ్బ తిన్న ఆకు పై వైపు, ఈనెల మధ్య సన్నని మచ్చలు పడతాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. ఫ్లోరైడ్ అయితే కొసా అంచులూ మాడి, మాడిన చోటికీ పచ్చని చోటికీ మధ్య గీత గీసినట్టు ముదురు హద్దు కనిపిస్తుంది. కానీ నీటి ఎద్దడి, ఉప్పు నేల, నల్లి పురుగు కూడా ఇలాంటి మచ్చలే తెస్తాయి. కాబట్టి కంటి సాక్ష్యం అనుమానానికి చాలు, తీర్పుకు చాలదు.

ఇక కోసే పద్ధతి. మీ మాస్టారు అన్ని ఆకులనూ ప్లాస్టిక్ సంచిలో తెమ్మన్నారన్నావు. లోహాల కోసమైతే కాగితపు కవరు మేలు. మైనంలో ఇంకే రసాయనాల కోసమైతే ప్లాస్టిక్ దరిదాపులకు పోకు, అల్యూమినియం రేకులో చుట్టి వెంటనే ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెట్టు. రకరకాల చెట్లను కలపకు. గరుకైన టేకు ఆకుకు పట్టినంత దుమ్ము నున్నటి రావి ఆకుకు పట్టదు. చెట్టు చుట్టూ ఒకే ఎత్తులో, ఒకే ముదురు ఉన్నవి కొయ్యి. ఫలితాలను పచ్చి ఆకు బరువుకు కాక, ఎండబెట్టిన బరువుకు లెక్కగట్టు. చివరిసారి వాన ఎప్పుడు పడిందో తప్పకుండా రాసుకో, పెద్ద వాన కురిస్తే పైనున్న దుమ్ములో చాలా భాగం కొట్టుకుపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటి నీ ఉత్తరంలో లేదు. రోడ్డుకు బాగా దూరంగా, అటు నుంచి పొగ గాలి తగలని వైపున అదే జాతి చెట్టు ఒకటి దొరికిందా? పోల్చడానికి అది లేనిదే రోడ్డు పక్క ఆకుల అంకెలతో ఏమీ తేలదు. దొరికితే చెట్టేమిటో, ఎంత దూరంలో ఉందో రాయి. అప్పటిదాకా కత్తెర తీయకు.

ఇట్లు,
నాన్న