పేరు వద్దన్న నర్సక్కకు

నర్సక్కా, పాలమూరు పల్లెల్లో మంచం పట్టినవాళ్ల ఇళ్లకే వచ్చి చూసే మీకు దండాలు. పేరు రాయొద్దన్నారు, రాయట్లేదు. మీరు నేర్పినవి మాత్రం నలుగురికీ తెలవాలె.

మార్ఫిన్ అంటే ‘ఇగ ఆఖరు’ అని జడుసుకునే ఇళ్లలో, అది నొప్పి మందని ఓపిగ్గా చెప్పారు. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది సుమారు నాలుగు గంటలే. నొప్పి లేచేదాకా ఆగితే మళ్లీ అదుపులోకి తేవడం కష్టం, అందుకే గడియారం చూసి వేయాలి. వికారం, మగత కొన్ని రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం తగ్గదు. విరేచనం మందు రాయకపోతే డాక్టరును అడగాల్సిందే.

క్యాన్సర్ పుండు వాసనకు ఇంటివాళ్లే దూరం జరిగే చోట మీ చేతులు చూడాలి. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఒకటిన్నర టీచెంచా ఉప్పు. అంటుకున్న గుడ్డను లాగరు, ఆ నీళ్లతోనే నానబెట్టి విడదీస్తారు, లాగితే రక్తం. కడిగాక, డాక్టరు రాసిన మెట్రోనిడజోల్ మాత్రను రెండు చెంచాల నడుమ మెత్తగా నలిపి చల్లుతారు. వాసన పుట్టించే క్రిములను అణిచేది అదే. అగరొత్తులు కాదు (ఎన్ని కట్టలు కాలుస్తారో!).

కుంగిన నులక మంచం మీద బల్ల పరిపించారు, పడక పుండ్లు పడకుండా మనిషిని రెండు గంటలకోసారి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పించారు. తిననంటే బలవంతం వద్దని, నాలుగు చెంచాల గంజి చాలని, పెదాలు తడుపుతుండమని చెప్పారు.

శనార్తులు అక్కా.