వార్షిక నివేదిక: గుడ్డ, ఆల్చిప్ప, అంకుడు కర్ర మీద ఫోటోలు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పని ఎక్కువగా సయనోటైప్ మీదే, అంటే రసాయనాల పూత మీద ఎండ పడేలా చేసి నీలం రంగు ఫోటోలు ముద్రించే పద్ధతి మీదే సాగింది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతికి డార్క్‌రూమ్ అక్కర్లేదు, ఎండా నీళ్లూ ఉంటే చాలు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్ 25 గ్రాములు, పొటాషియం ఫెర్రిసయనైడ్ 10 గ్రాములు వేర్వేరుగా 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, వాడే ముందు సమపాళ్లలో కలిపాం. కాగితం మీద చేయి తిరిగాక మన చుట్టుపక్కల దొరికే వస్తువుల మీదికి వెళ్లాం.

నూలు గుడ్డ బాగా కుదిరింది. గంజి పోయేదాకా ఉడకబెట్టి ఆరేసిన గుడ్డకు నీలం చక్కగా పట్టింది. ఒక్క మాట గుర్తుంచుకోండి: ఈ నీలం క్షారాన్ని తట్టుకోలేదు. డిటర్జెంట్, బట్టల సోడా తగిలితే వెలిసిపోతుంది. మీరు ఇంటికి తీసుకెళ్లిన దిండు గలీబులను ఉత్తి నీళ్లలోనే జాడించండి.

భీమిలి తీరంలో ఏరిన ఆల్చిప్పల మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు. వాటిలో ఉండేది కాల్షియం కార్బొనేట్, అదీ క్షారమే. అందుకే రంగు నిలవలేదు. జెలటిన్ పూత వేసినవి కొంత నయం. ఇంకా మందంగా వేసి చూడాలి.

నా మట్టుకు ఈ ఏడాది సాధించిన గొప్ప పని ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర మీదే జరిగింది. కర్ర తెల్లగా ఉంటుంది కాబట్టి వెలుగు నీడలు స్పష్టంగా తేలతాయి. ఫిషింగ్ హార్బర్ పడవల ఫోటో ఆ పలక మీద చూసినవాళ్లు చాలాసేపు కదల్లేదు. కర్ర నీళ్లు పీల్చి వంగిపోతోంది, ఆ టెన్షన్ మాత్రం ఇంకా ఉంది. ముందు సన్నటి జెలటిన్ పూత వేసి, తక్కువ నీళ్లతో త్వరగా కడిగి, బరువు కింద ఆరబెడుతున్నాం.

వానాకాలంలో తేమ వల్ల పూత త్వరగా ఆరక తెల్లని చోట్లకూ నీలం ఎక్కుతోంది. అందుకే ఆ నెలల్లో వర్క్‌షాపులు పెట్టలేదు.

భద్రత విషయంలో రాజీ లేదు. ఫెర్రిసయనైడ్‌కు బాత్రూమ్ యాసిడ్ లాంటి ఘాటైన ఆమ్లం తగిలితే విషవాయువు వస్తుంది. రెండూ ఒకే గదిలో ఉంచొద్దు. చేతి తొడుగులు తప్పనిసరి.

జమాఖర్చుల పట్టిక విడిగా జత చేశాం.

వచ్చే ఏడాది పిల్లల కోసం పసుపుతో ముద్రలు వేయిద్దాం. స్పిరిట్‌లో కలిపిన పసుపును కాగితానికి పూసి, పైన ఆకులాంటిది ఉంచి ఎండలో పెడితే, వెలుగు పడినచోట రంగు పోయి మిగతాచోట బొమ్మ తేలుతుంది. ఆ బొమ్మ శాశ్వతంగా నిలవదు, ఎండ తగలకుండా దాచుకోవాలి. ఈ బాధ్యత తీసుకోగలవాళ్లు కార్యదర్శికి పేరు ఇవ్వండి.

— కార్యదర్శి