టైము రాయని శాంపిల్‌తో కాలేయాన్ని కాపాడలేం: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. పారాసెటమాల్ మోతాదు మించి మింగినవాళ్లు చాలామంది ఎమర్జెన్సీకి నడుచుకుంటూనే వస్తారు. కాస్త వికారం, ఒకటి రెండు వాంతులు. ఒక్కోసారి అవీ ఉండవు. ఏఎల్‌టీ అనే కాలేయ రక్తపరీక్ష చూస్తే నార్మల్. ఆ కాగితం చూసి ఇంటికి పంపేస్తేనే ప్రమాదం. ఏఎల్‌టీ పెరిగేది కాలేయ కణాలు చచ్చాక, సాధారణంగా ఒక రోజు గడిచాక. దెబ్బ పూర్తిగా బయటపడేది మూడో నాలుగో రోజున. కాలేయం పాడవబోతోందా అన్నది మొదటి గంటల్లో చెప్పగలిగేది రక్తంలో మందు స్థాయి ఒక్కటే.

ఆ స్థాయిని మింగిన టైముతో కలిపి చదవాలి. 1975లో రుమాక్, మాథ్యూ అనే వైద్యులు ఇచ్చిన గ్రాఫ్ చెప్పేది అదే. 4 గంటలలోపు తీసిన శాంపిల్‌ను ఆ గ్రాఫ్‌పై పెట్టకూడదు, అప్పటికి మందు ఇంకా రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. చాలా దేశాలు వాడే చికిత్స గీత (స్థాయి దీనికి పైన ఉంటే విరుగుడు ఇవ్వాలి) 4 గంటల దగ్గర లీటరుకు 150 మిల్లీగ్రాములు, 8 గంటలకు 75, 12 గంటలకు 37. బ్రిటన్ 2012లో దాన్ని 100 నుంచి మొదలయ్యేలా దించింది. రిపోర్టులో 60 అని ఉంటే 5వ గంటలో గీతకు కింద, 12వ గంటలో చాలా పైన. మరి ల్యాబ్‌కు పరీక్ష కోరుతూ పంపే మన రిక్విజిషన్ ఫారంలో మింగిన టైముకు గడే లేదు!

యూనిట్లది ఇంకో తలనొప్పి. ఒక ల్యాబ్ డెసిలీటరు (లీటరులో పదో వంతు) లెక్కన 15 అని ప్రింటు చేస్తుంది. డ్యూటీ డాక్టరు దాన్ని లీటరు గ్రాఫ్‌పై పెట్టి "ఫర్వాలేదు" అంటారు. నిజానికది 150. అన్ని ల్యాబ్‌లకూ లీటరు లెక్కే తప్పనిసరి చేయండి.

విడతలు విడతలుగా మింగినా, టైము తెలియకపోయినా గ్రాఫ్ చెల్లదు. అలాంటప్పుడు మందు స్థాయిని ఏఎల్‌టీతో గుణించి చూడటం పనికొస్తుంది. 10 ఇంటూ 60 అంటే 600. 1,500 దాటలేదు కనుక ముప్పు బాగా తక్కువ. 40 ఇంటూ 300 అంటే 12,000; 10,000 దాటితే ముప్పు ఎక్కువ. మధ్యలో పడితే చికిత్స ఆపకుండా మళ్లీ పరీక్ష చేయాలి. కామెర్లు బాగా ఉన్నవాళ్లలో కొన్ని పరీక్షా పద్ధతులు లేని మందును ఉన్నట్టు చూపిస్తాయని కూడా సిబ్బందికి తెలియాలి.

విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. పారాసెటమాల్‌లో కొంత భాగం కాలేయంలో విషంగా మారుతుంది, దాన్ని విరిచే గ్లూటాథయోన్ అడుగంటితే కణాలు చస్తాయి. ఈ విరుగుడు ఆ నిల్వను తిరిగి నింపుతుంది. 8 గంటలలోపు మొదలుపెడితే కాలేయం దాదాపుగా దక్కుతుంది. అందుకే ఆ గడువులోపు రిపోర్టు చేతికి రాదనిపిస్తే ఎదురు చూడకుండా డ్రిప్ పెట్టేయాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లకూ ఇవ్వాలి, మేలు తగ్గుతుందే కానీ పోదు.

21 గంటల డ్రిప్ అయిపోయిందని గడియారం చూసి తీసేయడం మరో పొరపాటు. తీసేముందు మందు స్థాయి, ఏఎల్‌టీ, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష) మళ్లీ చూడాలి. ఏఎల్‌టీ పెరుగుతుంటే కొనసాగించాలి. ఐఎన్ఆర్ 1.3 దాకా ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఈ విరుగుడే దాన్ని కొంచెం పెంచుతుంది.

ఫారంలో మింగిన టైముకు, శాంపిల్ తీసిన టైముకు రెండు గడులు, లీటరు యూనిట్, రాత్రిపూట కూడా జరిగే పరీక్ష, ప్రతి ఎమర్జెన్సీలో విరుగుడు నిల్వ. మేం అడిగేవి ఇవే. మొదటి రెండింటికీ ఒక సర్క్యులర్ చాలు, బడ్జెట్ అక్కర్లేదు.

ఇట్లు,
అత్యవసర విభాగాల వైద్యులు, ల్యాబ్ సిబ్బంది