టిల్లర్‌కి సబ్సిడీ ఉంది, ఎక్కించడానికి ర్యాంపు ఏది?

సంపాదకుడు గారికి,

కాలవలకి నీళ్లు వదిలారంటే మా కోనసీమలో అద్దె టిల్లర్లకి, అంటే వెనక నడుస్తూ హ్యాండిల్ పట్టుకుని దున్నే చిన్న యంత్రాలకి, తీరిక ఉండదు, ఒక చేను దమ్ము అవగానే బొలెరో పికప్పులో ఎక్కించి ఇంకో ఊరు పంపేస్తారు. నాకు టెన్షన్ అంతా ఆ ఎక్కించి దించే పది నిమిషాలే. 13 హార్స్‌పవర్ టిల్లర్ మట్టిని చిలికే రొటావేటర్‌తో కలిపి సుమారు నాలుగు క్వింటాళ్లు ఉంటుంది, దాన్ని ఎక్కించేది మాత్రం ఎవరింట్లోనో మిగిలిన రెండు సెంట్రింగ్ చెక్కల మీద.

నిరుడు మా పక్క ఊళ్లో ఇలాగే ఎక్కిస్తుంటే చక్రాలు సగం దూరం వెళ్లాయి, బరువుకి పికప్పు వెనక భాగం కుంగింది, చక్రం వెనక్కి తన్నేసరికి చెక్క పైకొస తొట్టి అంచు మీద నుంచి జారిపోయింది, టిల్లర్ ఒరిగి హ్యాండిల్ పట్టుకున్న కుర్రాడి కాలు మీద పడింది. మోకాలి కింద ఎముక విరిగి సీజనంతా మంచంలోనే ఉన్నాడు. హ్యాండ్‌బ్రేక్ వేసే ఉంది, టైర్ల కింద రాళ్లూ పెట్టారు. చెక్కని తొట్టికి పట్టి ఉంచే కొక్కెం లేదు, అంతే.

చెక్క పొడవు కూడా ఎవరూ చూడరు. తొట్టి రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే అయిదడుగుల చెక్కతో వాలు 30 డిగ్రీలు వస్తుంది, అదే పదడుగులదైతే 15 లోపే. ఇంకోటి, ఇది పాత డ్రైవర్లకి తెలుసు గానీ కొత్త కుర్రాళ్లకి ఎవరూ చెప్పరు, టిల్లర్‌ని పక్కకి తిప్పడానికి హ్యాండిళ్ల దగ్గర ఉండే స్టీరింగ్ క్లచ్ మీటలు వాలులో దిగేటప్పుడు తిరగేసి పనిచేస్తాయి, చదును నేల మీద ఎడమది నొక్కితే ఎడమకే తిరుగుతుంది గానీ వాలులో ఎడమది నొక్కితే ఆ చక్రం ఇంజిన్ పట్టు తప్పి జోరుగా దొర్లి టిల్లర్ కుడికి పోతుంది. అడుగు వెడల్పు కూడా లేని చెక్క మీద అలా జరిగితే ఇంకేముంది! అందుకే నేల మీదే తిన్నగా పెట్టుకుని, రొటావేటర్ ఆపేసి, లో గేర్ వేసి, చెక్క మీద ఉన్నంతసేపు ఏ క్లచ్చూ ముట్టకుండా నడపాలి. సాయం పడతామని వెనక నిలబడి నెట్టేవాళ్లని ముందు పక్కకి పంపేయాలి.

తెలిసిన డ్రైవర్లు పికప్పుని కాలవ గట్టుకి ఆనించి తొట్టినీ గట్టునీ సమానం చేసుకుని ఎక్కిస్తారు. అన్నిటికంటే మంచి పద్ధతి అదే. కానీ అన్ని చోట్లా అంత ఎత్తు గట్టు దొరకదు కదా.

వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ కింద 2014-15 నుంచి యంత్రాలకీ అద్దె కేంద్రాలకీ సబ్సిడీ ఇస్తున్నారు, దానివల్ల మాలాంటి కౌలు రైతులకి మేలే జరిగింది. ఆ సబ్సిడీలోనే కొక్కేలూ గొలుసులూ ఉన్న ఒక జత ఇనుప ర్యాంపులు కూడా కలిపి ఇవ్వండి, అవి లేకుండా అద్దె కేంద్రం నుంచి టిల్లర్ బయటికి పంపకుండా చూడండి. రైతు సేవా కేంద్రాల దగ్గర ఒక పక్క వాలు, ఇంకో పక్క తొట్టి ఎత్తున నిలువు గోడ ఉండే సిమెంటు దిమ్మ కట్టించండి, పంచాయతీలకి అదేమంత ఖర్చు కాదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది, మా కుర్రాళ్లు అంత దూరం వెళ్లలేరు కాబట్టి అక్కడి వాళ్లనే మే నెలలో మండలానికి ఒక రోజు పంపి, మాటలతో సరిపెట్టకుండా టిల్లర్‌ని పికప్పులోకి ఎక్కించి దించి చూపించమనండి.

వచ్చే దమ్ముల నాటికి కనీసం మండలానికి ఒక దిమ్మైనా కట్టించాలని వ్యవసాయ శాఖ అధికారులని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక కౌలు రైతు, కోనసీమ