‘టైరు పేలడంతో అదుపు తప్పి...’ అక్కడే ఆగిపోతున్న వార్త

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు ప్రమాద వార్తల్లో రెండు మాటలు అరిగిపోయాయి. ఒకటి ‘టైరు పేలడంతో కారు అదుపు తప్పింది’, రెండోది ‘బ్రేకులు ఫెయిలవడంతో’. చదివితే పిడుగు పడ్డట్టు, ఎవరి చేతిలోనూ లేనిదేదో జరిగిపోయినట్టు ఉంటుంది. నిజానికి చాలా టైర్లు వారాల ముందే చెప్పి మరీ పేలతాయి. వంగి చూసేవాళ్లే తక్కువ.

ముందు గాలి సంగతి. ఎండాకాలంలో నాలుగైదు పాయింట్లు తగ్గించి నడపాలని, లేకపోతే వేడికి గాలి ఉబ్బి టైరు పేలుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. గాలి కొట్టేవాళ్లలోనూ కొందరు ఇదే చెబుతారు. ఇది పూర్తిగా తలకిందుల సలహా. గాలి తక్కువైతే టైరు పక్కభాగం ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చిన్న కారు చక్రం సెకనుకు దాదాపు 14 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 14 సార్లు వంగి లేస్తుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వేడెక్కి తెగిపోతుంది కదా, టైరు లోపల జరిగేదీ అలాంటిదే. రబ్బరు కాగుతుంది, లోపలి దారాలు బలహీనపడతాయి, పొరలు విడిపోతాయి, చివరికి ఒక్కసారిగా చీలుతుంది. బయటి ఎండ దానికి తోడవుతుందంతే.

చల్లగా ఉన్నప్పుడు 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, వాడుకలో ‘పాయింట్లు’) ఉన్న టైరు గంటసేపు హైవే మీద పరిగెత్తాక 37, 38 చూపించడం మామూలే. ఆ పెరుగుదలను లెక్కలో వేసుకునే తయారీదారు 33 అని రాస్తాడు. వేడి మీద కొలిచి ‘ఎక్కువైంది’ అని గాలి తీయించేస్తే, తెల్లారి చల్లబడ్డాక అది 28, 29కి దిగుతుంది. ఆ రోజు ప్రయాణం ఆ తక్కువ గాలితోనే. అందుకే బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నప్పుడో, రెండు మూడు కిలోమీటర్లకు మించి నడవనప్పుడో కొలవాలి. పంక్చరు లేకపోయినా నెలకు ఒక పాయింటు దాకా తగ్గుతుంది కాబట్టి రెండు వారాలకోసారి చూడటం మంచిది.

ఎంత కొట్టించాలో టైరు మీద వెతక్కూడదు. అక్కడ రాసి ఉండేది ఆ టైరుకు గరిష్ఠ పరిమితి. మీ కారుకు కావాల్సిన అంకె డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీదో, ఇంధన మూత లోపలి వైపో, కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. చాలా కార్లకు రెండు వరుసలుంటాయి. ఒకరిద్దరు ఎక్కితే ఒకటి, ఐదుగురూ ఎక్కి డిక్కీ నిండా సామాను పెడితే మరొకటి. దూర ప్రయాణం రోజున చూడాల్సింది ఈ రెండోదే. దాన్నెవరూ చూడరు.

డాష్‌బోర్డు మీద టైరు గుర్తు వెలగలేదని నిశ్చింతగా ఉండటానికీ లేదు. చాలా కార్లలో ఐదో వంతో నాలుగో వంతో గాలి పోయాక గానీ అది వెలగదు. 33 ఉండాల్సిన చోట 26కి, ఒక్కోసారి ఇంకా కిందికి దిగేదాకా అది మాట్లాడదన్నమాట. ఇక నైట్రోజన్ నింపించాం కదా అనేవాళ్లు ఉన్నారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. నింపించుకుంటే నష్టం లేదు, దాన్ని నమ్ముకుని గేజి పెట్టి గాలి కొలవడం మానేస్తేనే నష్టం.

టైరుకు వయసు కూడా ఉంటుంది. పక్కభాగం మీద ‘డాట్’ అన్న ఆంగ్ల అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. ఒక్కోసారి ఆ నాలుగంకెలు లోపలి వైపే ఉంటాయి, స్టీరింగు పూర్తిగా తిప్పో, బండి కిందికి వంగో చూడాలి. ఐదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవాళ్లకు చూపించాలి. పదేళ్లు నిండితే టైరు మీది గాడులు ఎంత లోతుగా ఉన్నా, స్టెప్నీ అయినా సరే తీసేయాలి. అసలు మోసపోయేది తక్కువ తిరిగే కార్ల వాళ్లే. కిలోమీటర్లు తిరగలేదు కాబట్టి టైర్లు కొత్తవే అనుకుంటారు. రబ్బరు నిలబడి ఉన్నా గట్టిపడుతుంది, వెంట్రుక వాసి పగుళ్లు వస్తాయి.

అరుగుదలకు కొలత గాడుల్లోనే ఉంది. గాడి అడుగున అడ్డంగా చిన్న గట్లుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్టుతో సమమైతే దాని పని అయిపోయినట్టే. వానలో మాత్రం అంతదాకా ఆగకూడదు. గాడి 3 మిల్లీమీటర్లకు వచ్చేసరికే నీటిని బయటికి నెట్టే శక్తి బాగా తగ్గి, టైరు నీటి మీద తేలడం మొదలుపెడుతుంది. మధ్యలో అరిగితే గాలి ఎక్కువైందని, రెండంచులూ అరిగితే తక్కువైందని, ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణం) తప్పిందని అర్థం. గుంతలో పడ్డాక పక్కభాగం మీద చిన్న బుడిపె కనిపిస్తే లోపల దారాలు తెగాయన్నమాట. దానికి ప్యాచీ లేదు, మార్చడమే. రెండే కొత్త టైర్లు కొంటే ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే కారుకైనా వాటిని వెనకే వేయించాలి. తడి రోడ్డు మీద వెనక చక్రాలు జారితే బండి గిరగిరా తిరుగుతుంది, మామూలు డ్రైవరు దాన్ని సరిచేయలేడు.

ఇంత చూసుకున్నా టైరు పేలిందే అనుకుందాం. బ్రేకు మీద కాలు వేయకూడదు. స్టీరింగు రెండు చేతులా బిగించి నేరుగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసి, వేగం దానంతటది బాగా తగ్గాకే పక్కకు తేవాలి.

ఇక బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం, తేమ పట్టాక ఆ ప్రమాణమే 155కి దిగుతుంది. పొడవైన ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకు మీదే కాలుంచితే ఆ వేడి చేరడం పెద్ద కష్టమేమీ కాదు. ఆయిల్ మరిగి బుడగలు పుడతాయి, బుడగలు నలుగుతాయి, పెడల్ నేల దాకా పోతుంది. బండి చల్లారాక మెకానిక్ చూస్తే బ్రేకులు బాగానే పట్టవచ్చు! ‘ఫెయిల్’ మిస్టరీగా మిగిలిపోయేది ఇలాగే. రెండేళ్లకోసారి ఆయిల్ మార్పించి, ఎక్కిన గేరులోనే దిగితే ఈ సమస్య దాదాపు రాదు. ఇంధనం మిగులుతుందని ఇంజిన్ ఆపి దిగేవాళ్లకైతే చెప్పాల్సింది వేరే ఉంది. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ (ఇంజిన్ పుట్టించే గాలి పీల్పు) రెండు మూడు తొక్కులకే అయిపోయి పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగూ బరువెక్కుతుంది. పైగా మిగిలేదేమీ లేదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లు గేరులో ఉండి పల్లం దిగేటప్పుడు ఇంధనాన్ని వాటంతటవే ఆపేస్తాయి.

మీ విలేకరులకు నా విన్నపం ఒక్కటే. టైరు పేలిందన్న వార్త రాసేటప్పుడు దాని నాలుగంకెలు, గాడి లోతు, బండిలో ఎంతమంది ఉన్నారన్నది కూడా అడిగి రాయండి. మిగిలిన మూడు టైర్లు ఆ చోటే ఉంటాయి, వాటిని చూసినా చాలా సంగతి తెలుస్తుంది. బ్రేకులు ఫెయిలైతే ఆయిల్ ఎప్పుడు మార్చారో అడగండి. లైసెన్సు పరీక్షలు పెట్టే అధికారులకూ ఒక సూచన. ఎనిమిది అంకె వేయించడంతో సరిపెట్టకుండా, అభ్యర్థి చేతికి గేజి ఇచ్చి ఒక టైరులో గాలి కొలవమనండి. రెండు నిమిషాల పని.

భవదీయుడు,
వాహన మరమ్మతుల రంగంలోని ఒక పాఠకుడు

తా.క.: స్టెప్నీ మార్చుకున్నవాళ్లు నట్లను ఒకదాని పక్కన ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి స్పానరు వేసి చూడాలి. సన్నటి స్టెప్నీ అయితే అందులో 60 పీఎస్ఐ గాలి ఉండాలి, వేగం 80 దాటకూడదు. ఆ రెండంకెలూ సాధారణంగా దాని మీదే రాసి ఉంటాయి.