వార్షిక నివేదిక: ఈ ఏడు మన పిల్లల డ్రమ్ము మోగింది

సభ్యులందరికీ నమస్కారం.

సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ, దీపావళి ఈసారి కూడా బాగా జరిగాయి. వంటలు చేసిన అక్కయ్యలకు, కుర్చీలు మోసిన తమ్ముళ్లకు, హాలు అద్దె భరించిన దాతలకు పేరుపేరునా కృతజ్ఞతలు. కానీ నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది అక్టోబరులో మన తెలుగు బడి పిల్లలు, అమెరికా స్వాతంత్ర్య పోరాటంలోని యార్క్‌టౌన్ యుద్ధం మీద పెట్టిన ప్రదర్శన గురించి.

వర్జీనియాలో ఉంటున్నాం కాబట్టి ఆ ఊరు మనందరం చూసిందే. 1781 అక్టోబరు 17న ముట్టడిలో చిక్కిన బ్రిటిష్ డ్రమ్మర్ ఒకడు మట్టిగోడ ఎక్కి, మాటలకు రమ్మంటూ డ్రమ్ము వాయించాడు. ఫిరంగుల మోతలో ఆ చప్పుడు వినబడే వీలే లేదు. అతని ఎర్ర కోటు తమ కంటబడి ఉండకపోతే యుగాంతం దాకా వాయిస్తూనే ఉండేవాడని, కాల్పులు ఆగాక మాత్రం అంత హాయైన డ్రమ్ము ఎన్నడూ వినలేదనిపించిందని అమెరికన్ అధికారి ఎబెనెజర్ డెన్నీ డైరీలో రాసుకున్నాడు. అక్కడ ఓడిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిసే తర్వాత మన దేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఆయన బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి 1802 నుంచి మన సర్కారు జిల్లాలకూ వచ్చింది. పిల్లలు ఈ మాట చెప్పగానే వెనక కూర్చున్న పెద్దలు ముందుకు జరిగారు.

ఆ కాలపు సైన్యంలో ఆజ్ఞలన్నీ డ్రమ్ము మీదే: నిద్ర లేవడానికి ఒక దరువు, బారులు తీరడానికి ఒకటి, రాత్రి గుడారాలు చేరడానికి ఇంకొకటి. తుపాకుల పొగలో డ్రమ్మర్ ఆఫీసరుకు చప్పున కనబడాలని అతని కోటు రంగులు తిరగేసి కుట్టేవారు. 1779లో అమెరికన్ సేనాని వాషింగ్టన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం వర్జీనియా సైనికుడిది ఎర్ర అంచుల నీలం కోటు. అందుకే డ్రమ్మర్‌కు నీలం అంచుల ఎర్ర కోటు. ప్రదర్శన కోసం ఆ కోటును ముందు నీలం గుడ్డతో కుట్టేసి, పిల్లలు చెప్పాక ఓపిగ్గా విప్పి మళ్లీ ఎర్ర గుడ్డతో కుట్టిచ్చిన పెద్దమ్మగారికి సంఘం రుణపడి ఉంటుంది. ప్రదర్శనలో పెట్టిన డ్రమ్ముకు తాళ్ల మీది తోలు పట్టీలు కిందికి లాగితే డ్రమ్ము చర్మం బిగుస్తుంది, మన డోలక్ రింగుల్లాగే. వచ్చిన పిల్లలంతా ఆ పట్టీలు లాగి చూశారు.

అప్పటి బ్రిటిష్ సైన్యంలో తోటి సిపాయిలను కొరడాతో కొట్టే పని కూడా డ్రమ్మర్లదే. పిల్లలు ఈ సంగతి రాసిన చార్టు తీసేయమని ఇద్దరు ముగ్గురు అడిగారు, నేను ఒప్పుకోలేదు. పిల్లలు వెతికి పట్టుకున్న నిజం అది.

ఒక్క బాధ చెప్పుకోవాలి. వాలంటీర్లుగా పన్నెండు మంది పేర్లిచ్చారు, పొద్దున ఏడింటికి బల్లలు వేయడానికి ముగ్గురే వచ్చారు. మిగతావారు మెసేజ్ కూడా పెట్టలేదు. పర్మిట్ కోసం ఒక ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాను, కాగితం ముందురోజు సాయంత్రం చేతికొచ్చింది. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, కాపీ కోశాధికారిగారి దగ్గర ఉంది.

కోటు, డ్రమ్ము సంఘం అల్మారాలో భద్రంగా ఉన్నాయి. వచ్చే అక్టోబరుకు సాయం చేసేవారు ఈ సమావేశంలోనే పేర్లివ్వండి. ఇచ్చినవారు దయచేసి రండి.

మీ కార్యదర్శి