ఆ విత్తనాలు నాటవద్దని ఎందుకన్నానంటే

తెనాలి,
జూన్ 18.

ఒరేయ్ సింహాచలం,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలు దాటింది. జవాబు రాయనందుకు క్షమించు. నిజానికి రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ సగంలో ఆపేశాను. మూడోసారి రాయడానికి కూర్చోవలసిన వారంలో నేను ఆసుపత్రిలో పడి ఉన్నాను. కంగారుపడకు. ఇప్పుడు ఇంట్లోనే, మన పాత పడకకుర్చీలోనే కూర్చుని రాస్తున్నాను.

ఆ రోజు ఫోనులో "నేను పంపిన సొరకాయ విత్తనాలు నాటవద్దు, కారణం ఉత్తరంలో రాస్తాను" అని మాత్రం చెప్పి పెట్టేశాను. నువ్వేమో "ఏమిట్రా, పేటెంటు తీసుకున్నావా?" అని ఎగతాళి చేశావు. నేను నవ్వకపోవడం నీకు వింతగా తోచి ఉంటుంది. ఆ సమయానికి నర్సు నా చేతికి ఎక్కిస్తున్న సెలైను సీసా మారుస్తోంది. మృగశిర కార్తె రాగానే నాటుతానని నువ్వు రాసిన మాట గుర్తుకొచ్చి, ఎలాగైనా ఆపాలని మీ చెల్లెలి చేతిలోని ఫోను లాక్కుని మాట్లాడాను.

ఇంటి విశేషాలు ఒక్క ముక్కలో ముగిస్తాను. అమ్మాయికి హైదరాబాదు బదిలీ అయింది, మనవడికి పై పళ్ళు రెండు వచ్చాయి, నా పింఛను బకాయి రాలేదు, వంటింటి కప్పు మొదటి వానకే కురిసింది. ఇక అసలు సంగతికి వస్తాను.

ఫిబ్రవరిలో నాకు రక్తపోటు 150/96 ఉందని తేలింది. డాక్టరు ఒక మాత్ర రాసి, ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదన్నాడు. గుంటూరు జిల్లావాడికి ఆ మాట చెప్పడమంటే ఆవకాయ జాడీకి తాళం వేయడమే. మాత్ర వేసుకుంటూనే ఉన్నాను గాని, మాత్ర ఒక్కటే చాలునన్న నమ్మకం కలగలేదు. ఉదయం నడకకు వెళ్ళే చోట నా ఈడువాళ్ళు ఏడెనిమిది మంది కలుస్తారు, ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క వైద్యం ఉంటుంది. ఒకాయన మెంతులు నానబెట్టిన నీళ్ళంటాడు, ఒకాయన తిప్పతీగంటాడు, ఇంకొకాయన బూడిద గుమ్మడి రసం తప్ప లోకంలో వేరే మందు లేదంటాడు. వాళ్ళలో ఒకరు పరగడుపున పచ్చి సొరకాయ రసం తాగమన్నారు. మన పెరట్లోనే పాదు ఉంది, మందు కొట్టని కాయలున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను.

సొరకాయ అంటే నీ భాషలో ఆనపకాయేనని మళ్ళీ గుర్తుచేయనక్కరలేదు కదా. వాల్తేరు హాస్టల్లో మొదటి రోజు సొరకాయ కూర గిన్నె ముందు పెట్టుకుని, సొరచేప అనుకుని నువ్వు ముల్లు కోసం వెతికిన సంగతి నేను మనవడికి కూడా చెప్పాను. వాడికి మాటలు రావు కాబట్టి నీ పరువుకు ప్రమాదం లేదు.

ఆ పాదు నేను పెట్టింది కాదు. బావి పక్కన చెత్తకుప్పలో దానంతట అదే మొలిచి, గోడెక్కి, డాబా మీదికి పాకింది. దాన్ని చూసుకుని నేనెంత మురిసిపోయానో నీకు రాసిన ఉత్తరంలోనే ఉంది, విత్తనాలు కూడా దానివే. ఏప్రిల్ నుంచి ఆరు వారాలు దాని కాయల రసమే తాగాను, ఏ ఇబ్బందీ కలగలేదు. రక్తపోటు 130 దగ్గరికి దిగింది. అదంతా రసం మహిమేనని నడక మిత్రుల ముందు ప్రకటించాను కూడా. తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ "ఆ రోజుల్లో మాత్ర మానేశారా?" అని అడిగింది. లేదన్నాను. "మరి దిగింది రసం వల్లనని మీకెలా తెలిసింది?" అంది. నా దగ్గర జవాబు లేదు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పది రోజులు అమ్మాయి ఇంటికి వెళ్ళాము. పాదుకు నీళ్ళు పోసేవాళ్ళు లేక ఆకులు వాడిపోయాయి గాని, వచ్చి చూస్తే రెండు కాయలు మాత్రం వేలాడుతున్నాయి. చెప్పడం మరిచాను, అమ్మాయి ఇంట్లో ఉండగా మరింత గుణం చేస్తుందని సొరకాయ రసంలో రెండు కాకర ముక్కలు కూడా కలపడం మొదలుపెట్టాను. దాంతో నా నాలుక చేదుకు అలవాటుపడిపోయింది. అసలు మోసం అక్కడే జరిగింది.

జూన్ 5 ఉదయం ఆ రెంటిలో ఒక కాయ కోసి, చెక్కు తీసి, సగం కాయను మిక్సీలో వేసి, గుడ్డలో వడగట్టి, అర చెక్క నిమ్మరసం పిండుకున్నాను. ఆ రోజు ఇంట్లో కాకరకాయ లేదు, అయినా గ్లాసు పెదవికి తాకగానే చేదు తెలిసింది. అది కాకర చేదు కాదు, వేప చేదూ కాదు. నాలుక మొదట్లో పట్టుకుని ఎన్ని నీళ్ళు పుక్కిలించినా వదలని చేదు. మీ చెల్లెలు చెంచాతో ఒక చుక్క నాలుక మీద వేసుకుని, వెంటనే తూములో ఉమ్మేసి, "కాయ చేదెక్కింది, పారబోయండి" అంది. అప్పుడు నేనేమన్నానో తెలుసా? "ఔషధం చేదుగా కాక పాయసంలా ఉంటుందా?" అన్నాను. అని, ముక్కు మూసుకుని గ్లాసెడూ గటగటా తాగేశాను. ఒక ప్రవచనం నిజమైనంత మాత్రాన దాని విపర్యయం నిజం కానక్కరలేదని ముప్పై ఏళ్ళు పదో తరగతి పిల్లలకు నేర్పినవాణ్ణి నేను! మందు చేదుగా ఉంటుంది కాబట్టి చేదుగా ఉన్నదల్లా మందేనని ఏ విద్యార్థి అయినా రాసి ఉంటే సున్నా వేసేవాణ్ణి.

ఇరవై నిమిషాలు గడవలేదు. కడుపులో కారం పోసినట్టు మంట మొదలైంది. ఆ తర్వాత వాంతులు, విరేచనాలు ఏకధాటిగా పట్టుకున్నాయి. వీధి చివరి వైద్యుడు "గ్యాసు" అని ఒక సూది వేసి పంపించాడు. ఇంటికొచ్చాక అయిన వాంతిలో కాఫీ పొడి మడ్డిలాంటిది కనిపించింది. అది రక్తమని నాకు తెలియలేదు గాని మీ చెల్లెలికి తెలిసింది. ఎదురింటి వాళ్ళ కారులో ఆసుపత్రికి చేరేసరికి నా రక్తపోటు 80/50. దేన్ని తగ్గించాలని నాలుగు నెలలుగా తంటాలు పడుతున్నానో అది ఒక్క పూటలో అంతగా తగ్గింది! ఇప్పుడు నవ్వొస్తోంది గాని, అప్పుడు చేతులు చల్లబడి, గోడ మీది గడియారం ముళ్ళు కూడా ఆనలేదు.

అంత హడావిడిలోనూ మీ చెల్లెలు ఒక పని చేసింది. మిగిలిన సగం కాయను గుడ్డ సంచిలో వేసుకుని తెచ్చింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మా అమ్మాయికన్నా చిన్నది. "పొద్దున ఏం తాగారు? చేదుగా ఉందా?" అని ఆ రెండే అడిగి, కాయను చూసి తల పంకించింది. సొర, దోస, గుమ్మడి, కాకర కుటుంబపు మొక్కలు పురుగుల నుంచి తమను తాము కాపాడుకోవడానికి కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలను తయారుచేసుకుంటాయట. తరతరాలుగా చేదులేని వాటినే ఏరి విత్తనం కట్టుకోవడం వల్ల మనం తినే సొరకాయలో అవి దాదాపు లేకుండా పోయాయి. కాని తెలియని విత్తనం మొలిచినా, అడవి జాతి పుప్పొడి కలిసిన విత్తనమైనా, పాదు నీరు లేక ఎండకు మాడినా అవి మళ్ళీ తలెత్తవచ్చునట. మన పాదులో ఏ కారణం పనిచేసిందో చెప్పలేము, మూడింటికీ అవకాశం ఉంది. ఈ విషానికి విరుగుడు మందు లేదు. సెలైను ఎక్కించి, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే సూదులు వేసి, రక్తపోటు నిలబెట్టి, పేగులు కోలుకునేదాకా కాచుకోవడమే వైద్యం. మర్నాడు ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయం లోపలి పొర అంతా ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త, అవును, శాస్త్రవేత్తే, కాకర రసం కలిపిన సొరకాయ రసం తాగి మరణించాడు. ఆయనతోపాటు తాగిన భార్య మాత్రం బతికి బయటపడింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి తరఫున నిపుణుల సంఘం విచారించి, 2012లో తన పరిశీలన ప్రచురించింది. రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూడాలి, చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి, సొరకాయ రసంలో వేరే రసం కలపకూడదు, తాగాక వికారం మొదలైతే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి అన్నది దాని సారాంశం. ఆ నాలుగింటిలో నేను పాటించినది ఒక్కటీ లేదు. ఉడికించినా ఈ విషం పోదు. 2015లో జర్మనీలో ఒక పెద్దాయన, పొరుగువాళ్ళు తోటలో పెంచి ఇచ్చిన చేదు జుకినీ, అంటే గుమ్మడి జాతి కాయ, వండుకు తిని చనిపోయాడు.

ఐ.సి.యు.లో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ యంత్రాల చప్పుడు వింటూ... సరే, అది ఇప్పుడు వద్దులే. మన హాస్టల్లో మూడో నంబరు గదిలోని జ్యోతిష్కుడు నా చేయి చూసి చెప్పిన మాట మాత్రం గుర్తుకొచ్చింది, ఏ మాటో నీకు తెలుసు. దానికన్నా ఎక్కువగా మా అమ్మ గుర్తుకొచ్చింది. కత్తిపీట ముందు కూర్చుని దోసకాయ తరిగేటప్పుడు ఆమె ముందుగా తొడిమ వైపు పలుచని చెక్క కోసి, నాలుక చివరికి తాకించి, ఒక్క క్షణం ఆగేది. చేదు తగిలిందా, ఆ కాయను గేదె కుడితిలో కూడా వేయనిచ్చేది కాదు, నేరుగా పెంటకుప్పలోకి వెళ్ళేది. సొరకాయ అయినా పొట్లకాయ అయినా ఆమెకు అదే పద్ధతి. పచ్చి ముక్కలు అలా నోట్లో వేసుకుంటుంటే చిరుతిండి అనుకునేవాణ్ణి. మరొకటి కూడా ఆలోచించాను. సొరకాయ పులుసులోనో పాలు పోసిన కూరలోనో చేదుంటే మొదటి ముద్దకే మన చేయి ఆగిపోతుంది. రసమైతే ఆగదు. అర కాయ సారం అంతా ఒకే గుక్కలో గొంతు దిగిపోతుంది.

ఇప్పుడు నా తిండి అంతా మీ చెల్లెలి చేతిలో ఉంది. మొదటి రెండు రోజులు పలుచని మజ్జిగ, గంజి తేట మాత్రమే ఇచ్చింది. ఆ తర్వాత పెసరకట్టు, మెత్తని అన్నం, ఇప్పుడు పొద్దున్నే రాగిజావ. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుందని నేను ఉపన్యాసం మొదలుపెడితే, "తాగండి, తర్వాత లెక్కలు చెబుదురుగాని" అంటోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమన్నారని చెప్పినప్పటి నుంచి త్రాసు తెచ్చి తూచి మరీ వండుతోంది. పళ్ళెం నిండా బీరకాయ కూర, పక్కన పిడికెడు అన్నం! ఆవకాయ ఆదివారం ఒక్క ముక్క. నేను ఇంటి వైద్యానికి శత్రువునైపోయానని అనుకోకు. జలుబుకు మిరియాల చారు, అజీర్తికి వాము నమలడం, మజ్జిగలో శొంఠి, ఇవన్నీ ఈ ఇంట్లో ఉంటాయి. అవి పూర్వం నుంచి పోపులోనో చారులోనో చిటికెడు చొప్పున తింటున్నవే. కాని మాత్ర మానేది లేదు, మిక్సీలో పచ్చి రసం తీసేది లేదు.

పాదును నేను ఆసుపత్రి నుంచి రాకముందే మీ చెల్లెలు పీకించి కాల్పించింది. ఆ మొదలు చూసి నాకు కొంచెం బాధ కలిగిన మాట వాస్తవం. మొలిచిన నాటి నుంచి దాన్ని... సరే.

నీ సంగతి చెప్పు. నా ఫోను రాకముందే విత్తనాలు నాటేశావా? నాటి ఉంటే, కాసిన ప్రతి కాయనూ తొడిమ వైపు కోసి నాలుకకు తాకించి ఉమ్మేయమని వదినకు... కాదు, కాదు, అసలు మొక్కలే పీకేయి. నీకు మంచి విత్తనం వ్యవసాయ శాఖ వాళ్ళ దగ్గరే దొరుకుతుంది. మిగిలిన గింజలు ఎవరికైనా పంచావా? పంచినట్టయితే ఈ ఉత్తరం వాళ్ళకు చదివి వినిపించు, నా పరువు గురించి చూసుకోకు.

మా మేనల్లుడు వీధిలో స్కూటరు హారను కొడుతున్నాడు. నాలుగింటికి టపా సంచి వెళ్ళిపోతుందట. నీ మోకాలి నొప్పికి ఎవరో పొడి ఇచ్చారని రాశావు, దాని గురించి ఒక పేజీ రాద్దామనుకున్నాను, కుదరడం లేదు. అందులో ఏమేం కలిపారో ఆ ఇచ్చినాయన చెప్పకపోతే మాత్రం నేను వచ్చేదాకా ఆ పొట్లం విప్పకు. హారను మళ్ళీ

నీ రాఘవ